చిన్న స్పోర్ట్స్ కార్లో పెద్ద కుక్క: హాయిగా పడుకోబెట్టి తీసుకెళ్లడం ఎలా

మా సింగడు రాజపాళయం కుక్క. భుజం దగ్గర 70 సెంటీమీటర్ల ఎత్తు, 33 కిలోల బరువు. నిలబడితే మా ఇంట్లో భోజనాల బల్ల మీదున్న గిన్నెలోకి మెడ ఎత్తకుండానే తొంగి చూస్తాడు. నా కారు మినీ కూపర్ ఎస్, మూడు డోర్లది, బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇద్దరూ అనంతపురంలో ఒకే ఇంట్లో ఉంటారు. వాటిల్లో ఒకదాన్ని వదిలించుకోమని మామ చెప్పాడు, పక్కింటి ఆంటీ చెప్పింది, కడప నుంచి చుట్టపుచూపుగా వచ్చిన చిన్నాయన అయితే కుక్కని తోటలో కాపలాకి పంపేయమని రెండు రోజులు పట్టుబట్టాడు. నేను దేన్నీ వదులుకోలేదు. రెండేళ్లుగా కర్నూలు వైపు, బెంగళూరు వైపు మేమిద్దరం ఆ కార్లోనే తిరుగుతున్నాం. వాడు దారిలో గురక పెట్టి నిద్రపోతాడు. దానికి ఏమేం చేశానో మొత్తం ఇక్కడ రాస్తున్నాను. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ ఏది ఉన్నా లెక్క ఒకటే, కొలతలు మారతాయి అంతే.

అన్నిటికంటే ముందు ఒక మాట. కుక్కకి కార్లో కావాల్సింది విశాలమైన జాగా అనుకుంటాం, నేనూ అట్లే అనుకున్నాను. కాదు. దానికి కావాల్సింది బల్లపరుపుగా, జారకుండా, చల్లగా ఉండే నేల. పెద్ద కారు వెనక సీటు మీద నిలబడి ప్రతి మలుపుకీ కాళ్లు తంటాలు పడే కుక్క కంటే, చిన్న కార్లో సమంగా ఉన్న పరుపు మీద ముడుచుకున్న కుక్క ఎంతో సుఖంగా ఉంటుంది.

కాబట్టి ముందు టేపు తీసుకోండి. కుక్క నిలబడి ఉన్నప్పుడు కొలిస్తే మీకు దిగులే మిగులుతుంది, ఎందుకంటే నిలబడిన పెద్ద కుక్క ఏ చిన్న కార్లోనూ పట్టదు, అసలు కారు కదులుతున్నప్పుడు అది నిలబడకూడదు కూడా. మధ్యాహ్నం నిద్రపోతున్నప్పుడు పక్కన కూర్చుని కొలవండి. ముడుచుకున్నప్పుడు పొడవెంత, వెడల్పెంత, పక్కకి ఒరిగి కాళ్లు చాపినప్పుడు ఎంత, బోర్లా పడుకుని తల పైకెత్తినప్పుడు నేల నుంచి నడినెత్తి దాకా ఎంత. సింగడు ముడుచుకుంటే 75 కి 65 సెంటీమీటర్లలో సర్దుకుంటాడు, కాళ్లు చాపితే 115 కి 90 కావాలి. ఇప్పుడు కార్లో వెనక సీట్లు మడిచి, మీరు మామూలుగా డ్రైవ్ చేసే పొజిషన్‌లో మీ సీటు పెట్టుకుని, పక్క సీటు ముందుకి జరిపి, అక్కడి నుంచి డిక్కీ తలుపు దాకా కొలవండి. మినీ డిక్కీ మామూలుగా 211 లీటర్లే, రెండు సంచులకే నిండిపోతుంది, కానీ వెనక సీట్లు మడిస్తే 731 లీటర్లు అవుతుంది. కుక్క పడుకుని తల ఎత్తినప్పుడు పైకప్పు తగలకుండా ఉండి, లేవకుండానే అటు నుంచి ఇటు తిరిగి పడుకోగలిగితే ఆ కారు పనికొస్తుంది. అది కూడా కుదరకపోతే మాత్రం నిజం ఒప్పుకోవాలి, ఆ కారు ఆ కుక్కకి కాదు.

మొదట్లో నేను ఇవేవీ చేయలేదు. వెనక సీటు మీద ఒక దుప్పటి పరిచి, సింగణ్ణి ఎక్కించి, ధర్మవరం రోడ్డు పట్టాను. 50 స్పీడులో ఉన్నాను. మలుపు తిరగగానే రోడ్డు నిండా గొర్రెల మంద. బ్రేక్ కొట్టాను, కారు ఆగింది, గొర్రెలకేం కాలేదు. కానీ వాడు సీటు మీద నిలబడి ఉన్నాడు కదా, దుప్పటితో సహా జారి ముందు సీట్లకీ వెనక సీటుకీ మధ్య గుంతలో పడ్డాడు, వెనక కాలు ఒంటి కింద మడతపడి ఒక్క అరుపు అరిచాడు. ఆ అరుపు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. మూడు డోర్ల కారు కాబట్టి వాణ్ని బయటికి తీయాలంటే ముందు సీటు వంచాలి, సీటు వంచితే వాని మీదే పడుతుంది. చివరికి గొర్రెలు కాసే పెద్దాయన చేతికర్ర రోడ్డు మీద పడేసి, భుజాన ఉన్న కంబళి వాని మొహం మీద కప్పి, "ఏం కాలేదులే నాయనా, ఏం కాలేదులే" అంటూ తల పట్టుకుంటే, నేను డిక్కీ వైపు నుంచి దూరి నడుము కింద చేతులేసి పైకి లేపాను. ఎముక విరగలేదు, రెండు రోజులు కుంటి సరిపోయింది. ఆ రోజే రెండు విషయాలు తేలిపోయాయి: ఆ గుంత మూయాలి, కుక్కని కట్టాలి.

గుంత మూయడం గురించి. వెనక సీట్లు మడిచాక చూస్తే మూడు మట్టాలు కనబడతాయి. ముందు సీట్ల వెనక కాళ్లు పెట్టుకునే గుంత, ఏటవాలుగా ఉండే మడిచిన సీటు వీపు, అక్కడి నుంచి మెట్టులా దిగే డిక్కీ నేల. ఈ మూడింటి మీదా ఒకే మట్టంలో ఒక పలక కూర్చోవాలి. నేను 12 ఎంఎం ప్లైవుడ్ తీసుకుని రెండు ముక్కలుగా కోయించి మధ్యలో మడత బందులు కొట్టించాను, లేకపోతే ఆ డిక్కీ తలుపులోంచి లోపలికి పోదు. ముందుగా పాత అట్టపెట్టెలు విప్పి, కార్లో పరిచి, చక్రాల దగ్గర వంపులు ఎక్కడ వస్తాయో కత్తెరతో కత్తిరించి అచ్చు తయారు చేసుకోండి. ఆ అట్టని కార్పెంటర్‌కి ఇస్తే చాలు, కొలతలు నోటితో చెప్పే పని ఉండదు. మూలలు గుండ్రంగా కోయమనండి. పలక కింద గుంతలో గట్టి రీబాండెడ్ ఫోమ్ (ఫోమ్ ముక్కల్ని అదిమి అతికించి చేసేది) దిమ్మలు పెట్టాలి. చెక్క కాళ్లు వద్దు, గతుకుల్లో టకటకమని మోగుతాయి, ఆ శబ్దం మనకంటే కుక్కకి పది రెట్లు చిరాకు.

పరుపు పని పాతూరులో కుషన్లు కుట్టే ఒక భాయ్ దగ్గర చేయించాను. కారు చూసి, సింగణ్ణి చూసి, "ఇంత కుక్కనా ఇందులోకా, ఏమప్పా" అన్నాడు కానీ పని మొదలుపెట్టాక మాత్రం నాకంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాడు. నేను కడగడానికి సులువని రెగ్జిన్ అడిగాను. ఒప్పుకోలేదు. "మన ఊరి ఎండకి రెగ్జిన్ పెనం మాదిరి కాలుతుందన్నా, పైన నూలుగుడ్డ వేస్తా, జిప్పు పెడతా, విప్పి ఉతుక్కో" అన్నాడు. ఆ మాట వినడం వల్లే బతికిపోయాం. కింద 5 సెంటీమీటర్ల గట్టి రీబాండెడ్, పైన ఇంకో రెండున్నర సెంటీమీటర్ల మెత్తటి ఫోమ్. మొత్తం మెత్తటిదే వేస్తే 33 కిలోల కుక్క అందులో కూరుకుపోయి కింద పలక తగులుతుంది, మొత్తం గట్టిదే వేస్తే రాజపాళయం లాంటి బక్కపలచటి, వెంట్రుక తక్కువ కుక్కలకి మోచేతుల దగ్గర ఒరుసుకుని కాయలు కాస్తాయి. ఫోమ్‌కీ గుడ్డకీ మధ్య పల్చటి వాటర్‌ప్రూఫ్ షీటు ఒకటి వేయించాను, వాంతి అయినా ఉచ్చ పోసినా లోపలికి దిగదు. పలక అడుగున రబ్బరు యాంటీ స్కిడ్ మ్యాట్ తప్పనిసరి. ఇవన్నీ నేను చెప్పి చేయించినవి. భాయ్ తనంతట తాను చేసింది ఒకటుంది: ముందు సీట్ల వైపు అంచున 8 సెంటీమీటర్ల ఎత్తు పొడుగాటి దిండు కుట్టాడు. ఎందుకు భాయ్ అంటే గడ్డం ఆనించుకోవడానికన్నాడు. మొదటి రోజు సింగడు ఎక్కాడు, ఒక చుట్టు తిరిగాడు, ముందు కాళ్లు మడిచి కూర్చుని, ఆ దిండు మీద గడ్డం పెట్టి, ముక్కులోంచి పొడుగ్గా ఊపిరి వదిలాడు. అంతే, ఆ రోజు నుంచి అది వాని దిండు.

పైన పరిచే గుడ్డకి నేను ఎమ్మిగనూరు నేత దుప్పట్లు వాడతాను, రెండున్నాయి, ఒకటి ఉతుకులో ఉంటే ఒకటి కార్లో. ముతక నూలు కాబట్టి జారదు, తడి పీల్చుకుంటుంది, గోళ్లు తగిలినా చిరగదు. ఇంట్లో పాత చీరల బొంత ఉన్నా బాగుంటుంది.

ఒక హెచ్చరిక. సీట్లు పూర్తిగా విప్పి తీసేసి జాగా చేసుకుందామని చాలామందికి అనిపిస్తుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు మారేట్టు బండిలో మార్పులు చేయకూడదు. సీట్ల సంఖ్య తగ్గితే మార్పు కిందికే వస్తుంది. అయిదు నిమిషాల్లో తీసి పక్కన పెట్టగలిగే పలక అయితే అది సామాను లాంటిదే. పైగా అమ్మానాన్నలని ఎక్కించుకోవాల్సిన రోజు సీట్లు మళ్లీ లేపొచ్చు.

ఇప్పుడు కట్టడం. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు దేన్నయినా గుద్ది ఆగితే, లోపల కట్టకుండా ఉన్న కుక్కకి ఆ వేగం సుమారు 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీద నుంచి కింద పడ్డప్పుడు ఉండే వేగంతో సమానం. అది తనకీ చావే, ముందు కూర్చున్న మనకీ చావే. మెడ బెల్టుకి మాత్రం ఎప్పుడూ కట్టకండి, గట్టిగా బ్రేక్ వేస్తే మెడ విరుగుతుంది. ఛాతీ చుట్టూ వచ్చే వెడల్పాటి హార్నెస్ కావాలి. కొనేముందు ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత తీసుకోండి, వేటకుక్కల జాతికి ఛాతీ లోతు, నడుము సన్నం, కాబట్టి బరువు చూసి సైజు చెప్పే పట్టిక పనికిరాదు. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, అరచెయ్యి దూరకూడదు.

దేనికి కట్టాలి అన్నది ఇంకో ప్రశ్న. డిక్కీలో సంచులు తగిలించుకునే ప్లాస్టిక్ కొక్కేలు ఉంటాయి, వాటికి కట్టడమూ కట్టకపోవడమూ ఒకటే. వెనక సీట్లో పిల్లల సీట్లు బిగించడానికి ఐసోఫిక్స్ కమ్మీలు ఉంటాయి, అవి కారు బాడీకే బిగించినవి, గట్టివి. సీటు మడిచేస్తే అవి చేతికి అందవు, అందుకే సీటు మడవకముందే కమ్మీకి నైలాన్ పట్టా దూర్చి కొసని బయటికి లాక్కుని, ఆ తర్వాత సీటు మడవండి. ఈ చిన్న ఉపాయం తెలియక నేను నెల రోజులు అవస్థ పడ్డాను. పట్టా కొసకి కొండలెక్కేవాళ్లు వాడే రకం, తిప్పి లాక్ చేసే క్యారబైనర్ పెట్టండి. తాళాలగుత్తికి వేసుకునే అల్యూమినియం కొక్కెం చూడ్డానికి అట్లే ఉంటుంది, కానీ ఒక్క గుంజుకి తెరుచుకుంటుంది. పట్టా పొడవు కుక్క పడుకుని అటూ ఇటూ తిరగడానికి సరిపోవాలి, ముందు సీట్ల మధ్యకి తల మాత్రం రాకూడదు. మినీలో ఆ సందులోంచి మూతి వచ్చిందంటే నేరుగా మీ గేరు చేతి మీదే.

మీది రెండు సీట్ల కారే అయితే, అంటే వెనక సీటే లేని బీఎండబ్ల్యూ జెడ్4, పోర్షె బాక్స్‌టర్ లాంటివైతే, కుక్క ముందు సీట్లోనే కూర్చోవాలి. అక్కడ పెద్ద సమస్య ఎయిర్‌బ్యాగ్. అది కనురెప్ప పడేలోపే పేలినట్టు విచ్చుకుంటుంది, మనిషి కూర్చునే తీరుని బట్టి చేసింది, కుక్క మూతి అక్కడుంటే ప్రాణం పోవచ్చు. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ ఆపే స్విచ్చు మీ కార్లో ఉందేమో మాన్యువల్ తీసి చూడండి, ఉంటే ఆపండి, మనిషి కూర్చునే రోజు మర్చిపోకుండా మళ్లీ ఆన్ చేయండి. లేకపోతే సీటు వెనక్కి ఎంత పోతే అంత జరపండి. కానీ స్విచ్చు లేని కార్లో పెద్ద కుక్కని ముందు కూర్చోబెట్టడం నా వరకు నాకు ఇష్టం లేదు, అది చెప్పకుండా ఉండలేను. సీటు ముందు కాళ్ల దగ్గరి గుంతని సీటు ఎత్తుకి వచ్చేలా గట్టి ఫోమ్ దిమ్మతో నింపితే అది చిన్న మంచంలా అవుతుంది. హార్నెస్ వెనక ఉన్న కుట్టులోంచి సీటు బెల్టు పోనిచ్చి బకిల్‌లో పెడితే కుక్కా ఆగుతుంది, బెల్టు పెట్టుకోమని మోగే బీప్ శబ్దమూ ఆగుతుంది. పైకప్పు తెరిచే కారైతే, మన సీమలో ఫిబ్రవరి నుంచి జూన్ దాకా పగటిపూట కుక్క ఉన్నప్పుడు తెరవొద్దు. మిగతా నెలల్లో పొద్దున్నే మెల్లగా పోయేటప్పుడు తెరవండి, అప్పుడూ హార్నెస్ ఉండాల్సిందే.

ఇక ఎండ. మన దగ్గర అసలు కథంతా ఇక్కడే ఉంది. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల అడుగున కొద్దిగా పడుతుంది, మిగతా వేడంతా నాలుక బయటపెట్టి రొప్పుతూనే వదలాలి. దాని మామూలు ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీల మధ్య ఉంటుంది, 41 దాటితే ప్రాణాపాయం. అంటే మధ్యలో ఉన్న తేడా రెండు డిగ్రీలే. బయట 35 డిగ్రీలు ఉన్న రోజు మూసిన కారు లోపల గంటలో ఇంకో 20 డిగ్రీలకు పైగా ఎక్కుతుంది, అందులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే. అద్దాలు రెండు వేళ్లు దించి పెట్టినా పెద్ద తేడా ఉండదు. చిన్న కార్లో గాలి తక్కువ, అద్దం ఎక్కువ. కర్నూలు, నంద్యాల వైపు మే నెలలో 43, 44 చూస్తూనే ఉంటాం కదా, అట్లాంటి రోజు 'మందులషాపులో రెండు నిమిషాలే' అని కుక్కని లోపల వదిలి దిగకండి. ఇద్దరు ఉంటే ఒకరు కార్లోనే ఉండండి, ఒక్కరే ఉంటే కుక్కని దింపి వెంట తీసుకెళ్లండి, తీసుకెళ్లలేని పని అయితే ఆ పని ఇంకో రోజు.

బయలుదేరేముందు అయిదు నిమిషాలు ఏసీ వేయండి. మొదటి నిమిషం అద్దాలు దించి ఆ వేడి గాలి బయటికి పోనిచ్చి ఆ తర్వాత ఎత్తండి. ఇంజన్ ఆన్ చేసేటప్పుడు కారు షెడ్డులో కాదు, ఆరుబయట ఉండాలి. పరుపు మీద అరచెయ్యి పెట్టి చూసి, చల్లబడ్డాకే కుక్కని ఎక్కించండి. చాలా చిన్న కార్లలో వెనక ఏసీ గ్రిల్స్ ఉండవు, మినీ మూడు డోర్లదాంట్లోనూ లేవు, వెనక అద్దాలు కూడా తెరుచుకోవు. మధ్యలో ఉన్న రెండు గ్రిల్స్‌ని పైకి, పైకప్పు వైపు తిప్పండి. చల్లటి గాలి కప్పు వెంబడి వెనక్కి పోయి కుక్క మీద దిగుతుంది. సూటిగా తిప్పితే మన భుజాలకీ సీట్లకీ తగిలి అక్కడే ఆగిపోతుంది. ఒక చిన్న యూఎస్‌బీ ఫ్యాన్ ముందు సీటు తల దిండుకి తగిలిస్తే ఇంకా మంచిది, వైరు మాత్రం కుక్క నోటికి అందకూడదు.

ఇంకొకటి చాలామంది గమనించరు. ఈ కార్లలో ఆటో స్టార్ట్-స్టాప్ ఉంటుంది. సిగ్నల్ దగ్గరో రైల్వే గేటు దగ్గరో ఆగితే ఇంజన్ ఆగిపోతుంది, దాంతోపాటు ఏసీ కంప్రెషర్ కూడా. గ్రిల్స్‌లోంచి గాలి వస్తూనే ఉంటుంది కాబట్టి మనకి తెలియదు, కానీ అది వేడెక్కుతూ ఉంటుంది. కుక్క ఉన్నప్పుడు కారు ఎక్కగానే ఆ బటన్ నొక్కి ఆపేయండి. కాసేపల్లి టోల్ గేటు దగ్గర పండగ రద్దీలో ఇరుక్కున్నప్పుడు సింగడు ఉన్నట్టుండి రొప్పడం మొదలుపెడితే గానీ నాకు ఈ సంగతి తట్టలేదు.

నీడ కోసం అద్దాలకి నల్ల ఫిల్మ్ వేయించకండి. 2012లో సుప్రీంకోర్టు ఆ ఫిల్ముల మీద నిషేధం పెట్టింది, ప్రతి చెక్‌పోస్టులోనూ ఆ టెన్షన్ మనకెందుకు. కారు ఆపి ఉంచినప్పుడు ముందు అద్దానికి వెండిరంగు అట్ట పెట్టండి, గాజు పైకప్పు ఉంటే దాని తెర మూసి ఉంచండి. ఎండ ఏ వైపు నుంచి వస్తుందో చూసుకుని బయలుదేరడం అన్నిటికంటే మేలు. పొద్దున్నే కర్నూలు వైపు ఉత్తరానికి పోతుంటే ఎండ కుడి వైపు నుంచి పడుతుంది, కాబట్టి ఆ రోజు వాని దుప్పటి ఎడమకి జరుపుతాను.

మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తడిగుడ్డ బాగా పనిచేస్తుంది, ఎయిర్ కూలర్ పనిచేసినట్టే. తువ్వాలు తడిపి, పిండి, కుక్క కింద పరవండి, పొట్ట దానికి తగలాలి. పైన కప్పకండి, కప్పితే ఒంటి వేడి లోపలే ఆగిపోతుంది. నాలుక ముదురు ఎరుపుకి తిరిగినా, చొంగ చిక్కగా తీగలా సాగినా, నడుస్తూ తూలినా అది వడదెబ్బ. వెంటనే నీడలోకి తీసుకెళ్లి, మామూలు నీళ్లతో ఒళ్లంతా తడిపి గాలి తగలనివ్వండి, అట్ల చల్లబరుస్తూనే డాక్టర్ దగ్గరికి పోండి. దారిలో ఉన్న ఊళ్ల వెటర్నరీ డాక్టర్ల నంబర్లు ఫోన్‌లో ముందే పెట్టుకోండి.

డ్రైవింగ్ సంగతి. మినీలో వచ్చేవి రన్‌ఫ్లాట్ టైర్లు, అంటే గాలి పోయినా కొంత దూరం నడిచేవి, వాటి పక్క గోడలు గట్టిగా ఉంటాయి, ప్రతి గుంతా ఒంటికి తెలుస్తుంది. గాలి తలుపు దగ్గర స్టిక్కర్ మీద రాసినంతే పెట్టించండి, బంకులో అబ్బాయి అలవాటుగా ఇంకో నాలుగు పాయింట్లు ఎక్కిస్తాడు, దగ్గరుండి చూసుకోండి. స్పోర్ట్ మోడ్ కుక్క లేని రోజుకి దాచుకోండి. సైలెన్సర్‌లో వచ్చే ఆ పటపట మనకి ముచ్చటగా ఉంటుంది, కానీ కుక్క చెవికి మనకి వినపడని సన్నటి శబ్దాలు కూడా వినిపిస్తాయి, పైగా అది పడుకునేది సైలెన్సర్ మీదే. మలుపుకి ముందే స్పీడు తగ్గించి, మలుపులో సమంగా పోయి, దాటాక మెల్లగా ఎక్కించండి. స్పీడ్ బ్రేకర్ ముందు నేను "సింగా, మెల్లగా" అంటాను. రెండు నెలలకే వానికి ఆ మాట అర్థమైపోయింది, అనగానే తల దించి దిండుకి అదిమిపెడతాడు.

ఎక్కించడం నేర్పడానికి తొందరపడొద్దు. మూడు రోజులు కారు ఆపి ఉండగానే డిక్కీ తెరిచి, పరుపు మీద వానికి అన్నం పెట్టండి. తర్వాత తలుపు మూసి అయిదు నిమిషాలు, తర్వాత ఇంజన్ ఆన్ చేసి, తర్వాత వీధి చివరి దాకా. మొదటి ప్రయాణం డాక్టర్ దగ్గరికి మాత్రం వద్దు, ఏ చెరువుగట్టుకో తోటకో తీసుకెళ్లండి. ముందు డోర్లోంచి సీటు వంచి దూర్చడం కంటే డిక్కీ వైపు నుంచి ఎక్కించడమే నయం. కారు కిందికి ఉండటం ఇక్కడ వరం, ముసలి కుక్క అయినా కాళ్లు పెద్దగా ఎత్తకుండా ఎక్కుతుంది, అదే ఎత్తు బండ్లకి ర్యాంపులు కొనాలి. దిగేటప్పుడు మాత్రం మీరు చెప్పేదాకా ఆగడం నేర్పండి, హైవే పక్కన ఇది ప్రాణం కాపాడుతుంది. డిక్కీ తెరిచాక మొదట గొలుసు చేతిలోకి తీసుకుని, ఆ తర్వాతే క్యారబైనర్ విప్పండి.

తిండి బయలుదేరడానికి మూడు నాలుగు గంటల ముందే పెట్టేయండి. ఖాళీ కడుపుకి దగ్గరగా ఉంటే వాంతులు తక్కువ, పైగా ఛాతీ లోతుగా ఉండే కుక్కలకి కడుపు నిండా తిన్న వెంటనే గంతులేస్తే కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది, అది గంటల్లో ప్రాణం తీస్తుంది. మేము పొద్దున అయిదుకి బయలుదేరతాం కాబట్టి రాత్రి సంగటి, కోడి ముక్కలు తిని పడుకుంటే పొద్దున ఏమీ పెట్టను, చేరాకే పెరుగన్నం. అయినా వాంతులు ఆగకపోతే డాక్టర్‌ని అడిగి మందు వేయించండి, మనం వేసుకునే బిళ్ళలు వేయకండి.

గంటన్నరకి ఒకసారి ఆపాలి, ఎందుకంటే ఈ కార్లో వాడు నిలబడి ఒళ్లు విరుచుకోలేడు. అనంతపురం నుంచి కర్నూలుకి 150 కిలోమీటర్లు, నేను గుత్తి దగ్గర ఒకసారి, డోన్ దాటాక ఒకసారి ఆపుతాను. తారు మీద దించకండి, ముందు మీ చెయ్యి వెనక భాగం రోడ్డుకి ఆనించి ఏడు లెక్కపెట్టండి, మీరు ఆనించలేకపోతే దాని పాదం కూడా ఆనదు. చెట్టు కింద మట్టిలో దించండి, నీళ్లు కొద్దికొద్దిగా రెండు సార్లు పెట్టండి. మళ్లీ ఎక్కించేముందు చెవులు, వేళ్ల సందులు చూడండి, గోమార్లు (పిడుదులు) ఎక్కడానికి నిమిషం చాలు. ఇంకొక మాట, హోటల్ దగ్గర జనం ముచ్చటపడి దానికి ఉగ్గాని, అంటే బొరుగులతో చేసే టిఫిన్, పెడతారు. ఉల్లిపాయ కుక్క రక్తాన్ని దెబ్బతీస్తుంది, ఉగ్గాని నిండా ఉల్లిపాయే. ప్రేమతో పెట్టేవాళ్లని కసరకుండా, "దీనికి ఉల్లిపాయ పడదు అన్నా, బజ్జీ నాకివ్వు" అని నవ్వుతూ ఆపండి.

శుభ్రం చేయడం పెద్ద పని కాదు. రాజపాళయం వెంట్రుకలు పొట్టిగా, సూదుల్లా గుడ్డలో దిగుతాయి, వ్యాక్యూమ్‌కి రావు, గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజు తడిపి ఒకే వైపు తుడిస్తే ఉండలుగా వచ్చేస్తాయి. నెలకోసారి గోళ్లు కత్తిరిస్తే తలుపు పక్కన తోలు గీతలు పడవు. పరుపు పదిహేను రోజులకోసారి విప్పి, కవరు ఉతికి, ఫోమ్‌ని గంట సేపు ఎండలో పెట్టండి, మన ఎండ ఆ మాత్రం పనికైనా వస్తుంది.

ఏప్రిల్ సగం దాటాక నేను పగటిపూట వాణ్ని తీసుకెళ్లను. ఎంత పరుపు కుట్టించినా, ఏసీ ఎంత బాగున్నా, హైవే మీద టైరు పంక్చరో ఏసీ ఫెయిలో అయితే ఆ ఎండలో వాణ్ని ఎక్కడ నిలబెట్టను? ఆ రోజుల్లో హాల్లో కడప బండ మీద నీళ్లు చల్లి ఫ్యాన్ వేసి వెళ్తాను, వాడు పొట్ట ఆనించి నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకి చాపి పడుకుంటాడు. సాయంత్రం ఏడు దాటాక కారు తాళం తీసిన చప్పుడు వినగానే లేచి డిక్కీ దగ్గరికి పోయి నిలబడతాడు, అప్పుడు బుక్కరాయసముద్రం చెరువు దాకా పోయి వస్తాం.